స్లీపర్ బస్సు.. పైకి తళతళ, ప్యానెల్ వెనక ఏముంది? కంటికి కనిపించని వైరింగ్ లోపాలు ప్రాణాల మీదకు ఎలా తెస్తాయంటే..

హైదరాబాద్‌లో రాత్రి పది గంటలకు బస్సెక్కి పడుకుంటే తెల్లారేసరికి కడప. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు.. ఇవన్నీ నిద్రలోనే దాటిపోతాయి. బెంగళూరు వెళ్లే బస్సులైతే కర్నూలు మీదుగా అనంతపురం వైపు తిరుగుతాయి. సీమ జిల్లాల్లో చదువుకునే పిల్లలు, ఐటీ ఉద్యోగులు, గల్ఫ్ ఫ్లైట్ అందుకోవాల్సినవాళ్లు.. చాలామందికి స్లీపర్ బస్సే దిక్కు.

టికెట్ బుక్ చేసేటప్పుడు మనం ఏం చూస్తాం? ఏసీ ఉందా, చార్జింగ్ పాయింట్ ఉందా, పరుపు బాగుందా, రేటింగ్ ఎంత అని చూస్తాం. ఆ చార్జింగ్ పాయింట్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ఆ వైరు ఏ రేకు సందులోంచి దూరి వచ్చిందనేది మాత్రం ఎవరికీ కనిపించదు. బస్సు భద్రతలో సగం విషయం అక్కడే ఉంది. అదేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

కర్నూలు ఘటన ఏం చెప్పింది?

2025 అక్టోబర్ 24, తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం. కర్నూలు జిల్లా కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారిపై హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేట్ ఏసీ స్లీపర్ బస్సు మంటల్లో కాలిపోయింది. బస్సులో ఉన్న 19 మంది, అంతకుముందే అక్కడ ప్రమాదానికి గురైన బైకర్.. మొత్తం 20 మంది చనిపోయారు. మృతదేహాలను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం సూటిగా చెప్పుకోవాలి. ఈ ఘటనలో నిప్పు మొదలైంది వైరింగ్ వల్ల కాదు. రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను బస్సు ఈడ్చుకెళ్లింది, దాని పెట్రోల్ కారి మంట అంటుకుంది. కానీ ఆ తర్వాత బస్సు లోపల జరిగిందే అసలు పాఠం. నేలకు వేసిన అల్యూమినియం షీట్లు కరిగిపోయాయని ఫైర్ సర్వీసెస్ అధికారులు చెప్పారు. అల్యూమినియం కరగాలంటే దాదాపు 660 డిగ్రీల వేడి కావాలి. ఏసీకి సంబంధించిన బ్యాటరీలు పేలాయని, పార్శిల్‌గా వెళ్తున్న రెండు వందలకు పైగా స్మార్ట్‌ఫోన్ల బ్యాటరీలు మంటను ఇంకా పెంచాయని వార్తలొచ్చాయి. మంటల్లో కేబుళ్లు తెగడంతో డోర్ తెరుచుకోలేదని కూడా అప్పట్లో సమాచారం. బతికినవాళ్లలో చాలామంది అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. సీటర్‌గా రిజిస్టర్ అయిన బస్సును స్లీపర్‌గా మార్చారన్న విషయం కూడా తర్వాత చర్చకు వచ్చింది.

దీనికి సరిగ్గా పది రోజుల ముందు, అక్టోబర్ 14న, రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర మరో ఏసీ స్లీపర్ బస్సు తగలబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది రోడ్డెక్కి ఎన్నాళ్లో కాని కొత్త బస్సు. అక్కడ ఏ వాహనాన్నీ ఢీకొట్టలేదు. ఏసీ వైరింగ్‌లో షార్ట్ సర్క్యూట్ అయి ఉంటుందనే అనుమానం మొదటి నుంచీ వినిపించింది. అంటే బస్సు పాతదా కొత్తదా అన్నదొక్కటే సరిపోదు, దాన్ని ఎవరు ఎలా కట్టారన్నదీ చూడాలి.

ఒక బస్సు.. మూడు చేతుల వైరింగ్

చాలామందికి తెలియని విషయం ఇది. మనం ఎక్కే ప్రైవేట్ బస్సుల్లో చాలావాటిని ఒకే కంపెనీ మొత్తంగా తయారు చేయదు. వాహన కంపెనీ ఛాసిస్ ఇస్తుంది. అంటే ఇంజిన్, గేర్‌బాక్స్, చక్రాలు, ఫ్రేమ్. దాని మీద బాడీ కట్టేది బాడీ బిల్డర్. ఇనుప చట్రం, రేకులు, నేల, పైకప్పు, అద్దాలు, బెర్తులు అన్నీ అక్కడే బిగిస్తారు.

కాబట్టి వైరింగ్ కూడా వేర్వేరు చేతుల్లో జరుగుతుంది.

మొదటి చెయ్యి: ఛాసిస్ కంపెనీది. ఇంజిన్, స్టార్టర్, బ్యాటరీ, డాష్‌బోర్డు వైరింగ్. ఇది ఫ్యాక్టరీలో డ్రాయింగ్ ప్రకారం, టెస్టింగ్ చేసి వస్తుంది.

రెండో చెయ్యి: బాడీ బిల్డర్‌ది. లోపలి లైట్లు, బ్లోయర్లు, బెర్తు దగ్గర స్విచ్‌లు, చార్జింగ్ పాయింట్లు, డోర్. ఇక్కడ పనితనం షెడ్డును బట్టి, ఆ రోజు పనిచేసిన ఎలక్ట్రీషియన్‌ను బట్టి మారుతుంది.

మూడో చెయ్యి: బస్సు రోడ్డెక్కాక పడేది. రంగురంగుల ఎల్ఈడీ పట్టీలు, టీవీ, ఆంప్లిఫయర్, అదనపు హెడ్‌లైట్లు, ఇన్వర్టర్, సీసీ కెమెరాలు. ఒక్కోటి ఒక్కో ఊర్లో, ఒక్కో షాపులో, ఒక్కో సీజన్‌లో బిగిస్తారు.

ఈ మూడో చేతికి చాలాసార్లు డ్రాయింగ్ అంటూ ఉండదు. దగ్గర్లో ఏ వైరులో కరెంటు ఉంటే దానికి తొడుగు చీల్చి, కొత్త వైరు మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. పని అయిపోయింది, లైటు వెలిగింది. పైన ప్యానెల్ బిగించేశారు. ఆ జాయింటును ఇక ఎవరూ చూడరు, మళ్లీ ఏదైనా చెడిపోతే తప్ప.

24 వోల్టులే కదా.. ప్రమాదమేంటి?

“ఇంట్లో 230 వోల్టులు, బస్సులో 24 వోల్టులే. షాక్ కూడా కొట్టదు, భయమెందుకు?” అని చాలామంది అంటారు. షాక్ వరకు అది నిజమే. మంట విషయంలో లెక్క తిరగబడుతుంది.

36 బెర్తుల బస్సు అనుకుందాం. అందరూ ఒకేసారి ఫోన్ చార్జింగ్ పెట్టారు. ఒక్కో చార్జర్ 20 వాట్లు. మొత్తం 720 వాట్లు. ఇదే లోడు ఇంట్లో అయితే 230 వోల్టుల దగ్గర దాదాపు 3 ఆంపియర్ల కరెంటు. బస్సులో 24 వోల్టులు కాబట్టి 30 ఆంపియర్లు. అంటే పదింతలు. వైరును వేడెక్కించేది ఈ ఆంపియర్లే. పైగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. అందుకే బస్సుకు ఇంటి వైరింగ్ కంటే లావు వైరు, గట్టి జాయింటు కావాలి. బెర్తులు పెంచి, పాయింట్లు పెంచి, పాత వైరునే ఉంచేస్తే అది ప్రతి రాత్రీ వేడెక్కుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి. బస్సుల్లో సాధారణంగా ఇనుప బాడీయే నెగటివ్ తీగలా పనిచేస్తుంది. దాన్నే మెకానిక్‌లు ఎర్త్ అంటారు. కాబట్టి పాజిటివ్ వైరు తొడుగు ఎక్కడ చిరిగి బాడీకి తగిలినా అక్కడే షార్ట్. పెద్ద బస్సు బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు వదులుతుంది. మధ్యలో సరైన ఫ్యూజు లేకపోతే వైరు మొత్తం ఎర్రగా కాలుతుంది.

ప్యానెల్ వెనక దాక్కునే 6 లోపాలు

1. రబ్బరు బుష్ లేని రంధ్రం: రేకుకు కన్నం పెట్టి వైరు లాగుతారు. ఆ కన్నం అంచు కత్తిలా ఉంటుంది. రబ్బరు బుష్ వేయకపోతే బస్సు కుదుపులకు వైరు తొడుగు రోజూ కాస్త కాస్త కోసుకుపోతుంది. ఒకరోజు రాగి బయటపడుతుంది.

2. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు: లగ్గు పెట్టి నొక్కాల్సిన చోట చేత్తో మెలిపెడతారు. వేడికి టేపు జిగురు కరిగి ఊడుతుంది. మే నెలలో కర్నూలు, కడపల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా ఎండలో నిలబడిన బస్సు పైకప్పు కింద వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

3. లూజ్ కాంటాక్ట్: అన్నిటికంటే మోసకారి ఇదే. జాయింటు వదులైతే కరెంటు పెరగదు కాబట్టి ఫ్యూజు కొట్టేయదు. కానీ ఆ ఒక్క చోట వేడి పుడుతుంది. 30 ఆంపియర్లు పోతున్న జాయింటులో 0.1 ఓమ్ అడ్డు ఉన్నా 90 వాట్ల వేడి. చేతిలో పట్టుకునే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అలాంటివి మూడు నాలుగు కలిపి ఫోమ్ పక్కన పెట్టినట్టు.

4. ఫ్యూజు పెంచడం: ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో లోపం ఉందని అర్థం. లోపం వెతకకుండా 15 ఆంపియర్ల చోట 40 వేస్తే, లేదా రాగి తీగ చుట్టేస్తే, ఇకపై ముందు కాలేది వైరే. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి.

5. స్క్రూ దిగిన వైరు: బెర్తు పలక, పరదా రాడ్డు బిగించేటప్పుడు వెనక ఏముందో చూడకుండా స్క్రూ దింపుతారు. అది వైరును ఒరుసుకుని ఆగుతుంది. ఆ రోజు ఏమీ కాదు. ఆర్నెల్ల తర్వాత అవుతుంది.

6. క్లిప్పుల్లేని వైర్ల కట్ట: ఇంజిన్ వైపు, డీజిల్ పైపు పక్కన, ఏసీ డక్ట్ మీద వైర్లు వేలాడటం. వేడికి, దుమ్ముకు, ఆయిల్‌కు తొడుగు గట్టిపడి పగులుతుంది. షెడ్డులో రోజుల తరబడి నిలిపిన బండ్లలో ఎలుకల పని దీనికి అదనం.

ఇవన్నీ చిన్న పనులే. ఒక రబ్బరు బుష్, ఒక లగ్గు, ఒక క్లిప్పు. పాతిక రూపాయలు, పది నిమిషాలు కూడా పట్టని పని. కానీ ప్యానెల్ మూశాక ఇది బాగా చేశారా, వదిలేశారా అని బయటి నుంచి చెప్పడం ఎవరి తరమూ కాదు.

నిప్పు రవ్వ నుంచి నల్లటి పొగ దాకా

వైరు దగ్గర పుట్టిన నిప్పు చిన్నదే. దాని చుట్టూ ఏముందన్నదే ముఖ్యం. స్లీపర్ బస్సులో ఫోమ్ పరుపులు, రెగ్జిన్, పరదాలు, ప్లైవుడ్, దుప్పట్లు ఉంటాయి. ఏసీ బస్సు కాబట్టి అద్దాలన్నీ సీల్ చేసి ఉంటాయి. ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ లాంటి విషవాయువులు వస్తాయి. నిద్రలో ఉన్న మనిషి వాటిని పీల్చితే లేవకుండానే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మంట తాకకముందే పొగ కమ్మేస్తుంది.

ఎయిర్ డోర్ సంగతీ చూడాలి. గాలి ఒత్తిడితో, ఎలక్ట్రిక్ స్విచ్‌తో పనిచేసే తలుపుకు వైరు కాలినా, గాలి పైపు కాలినా స్విచ్ పనిచేయదు. అందుకే తలుపు దగ్గర చేత్తో తిప్పే ఎమర్జెన్సీ వాల్వ్ ఉండాలి. అది ఉందా, ఎక్కడుందన్నది డ్రైవర్‌కు తప్ప మిగతావాళ్లకు తెలియకపోతే లాభం లేదు.

రూల్స్ లేవా? ఉన్నాయి..

మన దేశంలో బస్సు బాడీలకు ఏఐఎస్ 052 అనే కోడ్ ఉంది. స్లీపర్ కోచ్‌లకు ప్రత్యేకంగా ఏఐఎస్ 119 ఉంది. వైర్లు తట్టుకోగల కరెంటే పోవాలని, రాపిడికి కోసుకుపోకుండా బిగించాలని, సర్క్యూట్లకు ఫ్యూజు లేదా బ్రేకర్ ఉండాలని కోడ్ ఉద్దేశం. లోపల వాడే మెటీరియల్ త్వరగా అంటుకోకూడదని ఐఎస్ 15061 ప్రమాణం చెబుతుంది. ఇంజిన్ భాగంలో మంటను పసిగట్టి ఆర్పే వ్యవస్థకు ఏఐఎస్ 135 ఉంది. దూర ప్రయాణాల బస్సుల్లో, స్కూలు బస్సుల్లో ప్రయాణికులు కూర్చునే భాగంలోనూ ఫైర్ అలారం, ఫైర్ ప్రొటెక్షన్ వ్యవస్థలు ఉండాలంటూ కేంద్ర రవాణా శాఖ 2022 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది.

మరి లోపం ఎక్కడ? తనిఖీ జరిగే సమయంలో ఉంది. బాడీ డిజైన్‌కు ఆమోదం నమూనా బండిని చూసి ఇస్తారు. ఆ తర్వాత షెడ్డులో తయారయ్యే ప్రతి బస్సు వైరింగ్‌నూ విప్పి చూడరు. ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. అందులో బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ, ఎమర్జెన్సీ డోర్ లాంటివి చూస్తారు. ప్యానెల్ ఊడదీసి జాయింటు చూసే పద్ధతి లేదు. అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉన్న బస్సులోనూ మెలిపెట్టిన వైరు ఉండొచ్చు. ఫిట్‌నెస్ అయిన మర్నాడు కొత్త ఎల్ఈడీ పట్టీ బిగించినా పట్టుకునేవాళ్లు లేరు.

కర్నూలు ఘటనకు పన్నెండేళ్ల ముందు ఇదే హైవే మీద పాలెం ఘటన జరిగింది. 2013 అక్టోబర్ 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో కల్వర్టును ఢీకొట్టి తగలబడింది. 45 మంది సజీవ దహనమయ్యారు. అప్పుడూ ఎమర్జెన్సీ డోర్లు, సుత్తుల గురించి చాలా రోజులు తనిఖీలు జరిగాయి. ఆ తనిఖీలన్నీ కంటికి కనిపించేవాటి గురించే.

చేయాల్సింది కష్టమైన పనేం కాదు. ప్యానెల్ మూయకముందే ఒకసారి వైరింగ్ చూసి, ఫోటోలు తీసి రికార్డు చేయడం. ప్రతి బండితో పాటు వైరింగ్ డ్రాయింగ్ ఇవ్వడం. తర్వాత ఏది కొత్తగా బిగించినా అందులో రాయించడం. ఫిట్‌నెస్ సమయంలో లోడు మొత్తం ఆన్ చేసి ఫ్యూజు బాక్సును, బ్యాటరీ టెర్మినళ్లను థర్మల్ కెమెరాతో చూస్తే వేడెక్కుతున్న జాయింటు తెల్లగా కనిపించేస్తుంది. సబ్‌స్టేషన్లలో కరెంటోళ్లు ఇదే చేస్తారు.

గండికోటకు కారవాన్‌లో వెళ్తున్నారా?

ఇళ్లలాంటి బండ్ల విషయమూ ఇలాంటిదే. గండికోట, బెలుం గుహలు, శ్రీశైలం వైపు కారవాన్ టూర్ల మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. కారవాన్ టూరిజాన్ని ప్రోత్సహిస్తామని రాష్ట్ర ప్రభుత్వమూ అంటోంది. వీటికి మన దగ్గర ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. అయితే పాత వ్యాన్ కొని లోపల మంచం, ఫ్రిజ్, ఏసీ బిగించి అద్దెకిచ్చే బండి ఆ ప్రమాణం ప్రకారమే కట్టిందా అన్నది అడిగి తెలుసుకోవాలి.

బస్సు కంటే వీటిలో రిస్కు ఒక మెట్టు ఎక్కువ. 12 లేదా 24 వోల్టుల బ్యాటరీ లైను ఒకటి, బయట ప్లగ్ నుంచో ఇన్వర్టర్ నుంచో వచ్చే 230 వోల్టుల లైను ఇంకొకటి, రెండూ ఒకే గోడలో ఉంటాయి. ఎర్త్ సరిగా లేని రిసార్టు ప్లగ్‌కు తగిలిస్తే బండి బాడీ మొత్తానికి షాక్ రావొచ్చు. అందుకే బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడాలి. టెస్ట్ బటన్ నొక్కితే అది ట్రిప్ అవ్వాలి. గ్యాస్ స్టవ్ ఉంటే లీక్ అలారం ఉండాలి. జనరేటర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ కిటికీ పక్కన నడపకూడదు.

బస్సెక్కాక ఈ 2 నిమిషాలు..

ప్యానెల్ విప్పి చూడటం ప్రయాణికుడి పని కాదు. కానీ కొన్ని గుర్తులు బయటికే కనిపిస్తాయి.

- బెర్తు దగ్గర వైర్లు వేలాడుతున్నాయా? టేపు చుట్టిన జాయింటు కనిపిస్తోందా?
- చార్జింగ్ పాయింట్ నల్లబడిందా? ప్లగ్ పెడితే వేడెక్కుతోందా, చిటపటమంటోందా? వెంటనే తీసేయండి.
- లైట్లు మాటిమాటికీ మినుకుమంటున్నాయా? కాలిన ప్లాస్టిక్ వాసన, చేపలాంటి నీచు వాసన వస్తోందా? “ఏసీ వాసనలే” అని సర్దుకుపోకండి. డ్రైవర్‌కు చెప్పి బండి పక్కకు ఆపించండి.
- ఎమర్జెన్సీ ఎగ్జిట్ ఎక్కడుంది, దానికి అడ్డంగా బెర్తు గానీ లగేజీ గానీ ఉందా చూసుకోండి.
- సుత్తి చేతికందేలా ఉందా? అద్దం మధ్యలో కాకుండా మూలన, సుత్తి మొనతో కొట్టాలి.
- డోర్ ఎమర్జెన్సీ వాల్వ్ ఎక్కడో క్లీనర్‌ను అడగండి. అడిగితే తప్పేం లేదు.
- పొగ వస్తే నిలబడొద్దు. కిందికి వంగి, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుని కదలండి. బ్యాగు కోసం వెనక్కి తిరగొద్దు.
- పవర్ బ్యాంక్‌ను దిండు కింద, పరుపు మీద చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

ఓనర్లకు, డ్రైవర్లకు కూడా ఓ మాట. ఫ్యూజు రెండుసార్లు పోయిందంటే మూడోది వేయకముందు కారణం వెతికించండి. బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఎక్కడుందో ఇద్దరు డ్రైవర్లకూ, క్లీనర్‌కూ తెలిసి ఉండాలి. మంట అనుమానం వస్తే ముందు ఇంజిన్ ఆపి, డోర్ తెరిచి, ఆ స్విచ్ తీసేయాలి. డిక్కీలో బ్యాటరీలున్న పార్శిల్ ఎక్కించే ముందు పైన ఎంతమంది పడుకుని ఉంటారో ఒకసారి లెక్కేసుకోవాలి. ఆర్సీలో నమోదు కాని మార్పులుంటే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా చిక్కులు తప్పవు.

ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు: అత్యవసర సాయానికి 112, ఫైర్ 101, అంబులెన్స్ 108, జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033. ఫోన్ చేసేటప్పుడు రోడ్డు పక్కన రాయి మీద ఉన్న కిలోమీటర్ నంబర్ చెబితే సాయం త్వరగా చేరుతుంది. బస్సులో లోపం కనిపిస్తే దిగాక మర్చిపోకుండా బండి నంబర్‌తో సహా ఫోటో తీసి రవాణా శాఖకు ఫిర్యాదు చేయండి. ఆ బస్సు అదే రాత్రి ఇంకో నలభై మందిని ఎక్కించుకుని బయల్దేరుతుంది.